కుండపెంకుల మీది మరక

నేను సూర్యాపేట బడిలో సైన్సు మాస్టరుగా చేరిన కొద్దికాలానికే బడి భాష మారింది. నిజాం మీద పోలీసు చర్య జరిగి అప్పటికి కొన్ని నెలలు. అంతవరకు లెక్కలు, చరిత్ర, సైన్సు అన్నీ ఉర్దూలోనే చెప్పేవాళ్లం. ఇకమీదట తెలుగులో చెప్పాలని పైనుంచి కబురు వచ్చింది. ఊళ్లో చాలామంది సంతోషించారు. నేనూ సంతోషించాను. తీరా తరగతిలో నల్లబల్ల ముందు నిలబడేసరికి నోట మాట రాలేదు. మా ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. కాని ఆ తెలుగులో గొర్రెల రోగాలకు, మేతకు, వానకు, ఎండకు మాటలున్నాయి. నేను హైదరాబాదులో చదివొచ్చిన చదువుకు మాత్రం లేవు. ఆ చదువంతా నా తలలో ఉర్దూలోనే ఉంది.

మాది మిర్యాలగూడకు, దామరచర్లకు మధ్య ఒక చిన్న ఊరు. నాయన గొర్రెలు కాసేవాడు. నన్ను మిర్యాలగూడ బడిలో వేసింది కూడా గొర్రెల లెక్క చూసుకోవడానికి పనికొస్తానని. అక్కడ సైన్సు చెప్పిన ఉర్దూ సారు నన్ను పట్టుకొని పైకి లాగారు. పొడుగాటి మనిషి. ఎండాకాలం కూడా మెడదాకా బొత్తాలు పెట్టిన షేర్వానీ వేసుకునేవారు. ఒకరోజు ఆయన గాజు గొట్టంలో తెల్లటి పలుకులు పోసి, చిటికెడు నల్లపొడి కలిపి, కింద దీపం పెట్టారు. లోపలి నుంచి వచ్చిన గాలిని సీసాలో పట్టి, కొనకు నిప్పు కణిక మిగిలిన చీపురుపుల్లను అందులో దించారు. పుల్ల భగ్గున వెలిగింది. తెల్లవి పొటాషియం క్లోరేటు పలుకులు, నల్లది మాంగనీసు డయాక్సైడు. తెల్లదానిలోంచే గాలి వస్తుందట. నల్లది పక్కన ఉండి ఆ పనిని తొందరపెడుతుందట. చివరికి కడిగి ఆరబెట్టి తూస్తే ఎంత వేశామో అంతా మిగిలే ఉంటుందట. దాన్ని ఉర్దూలో ‘అమల్ అంగేజ్’ అంటారని సారు చెప్పారు. అమల్ అంటే పని, అంగేజ్ అంటే రేపేది. ఖర్చు కాకుండా పని చేసే వస్తువు ఒకటి లోకంలో ఉందన్న సంగతి ఆ వయసులో నాకు ఎంత వింతగా తోచిందో ఇప్పుడు చెప్పలేను. మా ఇంట్లో పని చేసే ప్రతిదీ అరిగిపోయేదే. చెప్పులు, కత్తెర, నాయన మోకాళ్లు.

ఆ సారే తర్వాత సూర్యాపేటకు హెడ్మాస్టరుగా వచ్చారు. నేను అక్కడే మాస్టరుగా చేరాను. భాష మారిన రోజు ఆయన నన్ను గదిలోకి పిలిచి, సైన్సు తరగతి ఎలా నడుస్తోందని అడిగారు. మాటలు దొరకడం లేదన్నాను. మాటలు దొరకనప్పుడు వస్తువు చూపించమన్నారు. కళ్లతో చూసిన దానికి పిల్లలే పేరు పెడతారని, ముందు ఆక్సిజన్ తీసి చూపమని చెప్పారు. తను కూడా వెనక బెంచీలో కూర్చొని తెలుగు నేర్చుకుంటానన్నారు. నవ్వులాటకు అన్నారేమో అనుకున్నాను. మర్నాడు నిజంగానే వచ్చి కూర్చున్నారు.

చూపిద్దామంటే సామాను లేదు. పోలీసు చర్య సమయంలో కొన్నాళ్లు బడిలో సైనికులు దిగారు. వాళ్లకు చోటు కావాలని బీరువాలు ఖాళీ చేసినప్పుడు మందుల సీసాలన్నీ ఎటో పోయాయి. వెడల్పాటి గాజు కుప్పె ఒకటి, రెండు మూడు సీసాలు మాత్రం ఒక మూల గోనెసంచిలో దొరికాయి. క్లోరేటు, మాంగనీసు పొడి కొనాలంటే హైదరాబాదు పోవాలి, లేదంటే బెజవాడ. బెజవాడ అయితే తెలుగు సైన్సు పుస్తకాలు కూడా దొరుకుతాయని అటే బయల్దేరాను. హెడ్మాస్టరు గారు బడి పని మీద వెళ్తున్నానని ఒక చిట్టీ రాసి, బడి ముద్ర వేసి ఇచ్చారు.

ఆ రోజుల్లో ఆ దారి చిత్రంగా ఉండేది. సూర్యాపేట నిజాం ఇలాకా. దాటగానే మునగాల పరగణా మద్రాసు వాళ్లది. కోదాడ మళ్లీ మనది. జగ్గయ్యపేట మళ్లీ వాళ్లది. బస్సులో కూర్చున్న మనిషి కునుకు తీసి లేచేలోగా సర్కారు మారిపోయేది. పోయేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. బెజవాడలో ఒక రోజు తిరిగి రెండు పొట్లాలు, ఒక పాత తెలుగు పుస్తకం కొనుక్కొని తిరుగు బస్సెక్కాను. కోదాడ తనిఖీ నాకా దగ్గర బస్సు ఆపి సంచులన్నీ దింపించారు.

నా సంచి విప్పిన జవాను తెల్లపలుకుల పొట్లం చూసి వెంటనే చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇంకో జవానును పిలిచాడు. ఇద్దరూ కలిసి నన్ను బస్సు దించి పక్కనున్న ఠాణాకు తీసుకుపోయారు. బస్సు కండక్టరు నన్ను ఎరుగున్నవాడు. సూర్యాపేటలో బడికి చెప్తానని దూరం నుంచే సైగ చేశాడు.

ఠాణాలో ఇన్‌స్పెక్టరు ఆంధ్రవైపు మనిషి, కొత్తగా ఇటు వేసినవాడు. రెండు పొట్లాలు బల్ల మీద పెట్టుకొని నన్ను నిలబెట్టి అడిగాడు. నేను సైన్సు మాస్టరునన్నాను. చిట్టీ ఇచ్చాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అక్షరాలు ఉర్దూ, ముద్ర ఉర్దూ. ఠాణాలో ఉర్దూ చదివే పాత జమేదారు ఆ రోజు లేడు. అది ఏ పీర్ల సావిడిలో రాసిచ్చిన తాయెత్తు కాగితమో, సర్కారు కాగితమో తనకెలా తెలుస్తుందని ఆయన ప్రశ్న. అందులో న్యాయం లేకపోలేదు.

“ఈ తెల్లమందు నాకు తెలుసయ్యా. దీంతోనే నాటుబాంబులు చుడుతున్నారు ఈ చుట్టుపక్కల. పోయిన నెల మా వాడొకడికి మూడు వేళ్లు పోయినాయి” అన్నాడు. గొంతు పెంచలేదు. “మరి ఈ నల్లమందు?”

“అది మందు కాదు సార్. అంటుకోదు” అన్నాను. “తెల్లదాంట్లకెళ్లి గాలి తొందరగ వచ్చేటట్టు చేస్తది. అంతే. అది అట్లనే ఉంటది.”

“అట్లనే ఉంటదా?”

“ఖర్సు కాదు సార్.”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “ఖర్చు కాకుండా పనిచేసేది ఏదీ నేను చూడలేదు” అన్నాడు. తర్వాత నా పళ్లవైపు చూసి, మిర్యాలగూడ దిక్కు మనిషివా అని అడిగాడు. అవునన్నాను. ఆ వైపు నుంచి పట్టుకొచ్చిన వాళ్లందరి పళ్లమీదా ఇవే గోధుమరంగు చారలు ఉంటున్నాయని పక్కనున్న జవానుతో అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. పుట్టినప్పటి నుంచి ఆ పళ్లతోనే తిరిగాను గాని, అవి నేనెక్కడివాణ్నో చెప్పే గుర్తు అని ఆ పూట దాకా తెలియదు.

ఆ చారలకు కారణం మా బావుల నీళ్లలోని ఫ్లోరైడు అని చాలా ఏళ్లకు చదివాను. మా ఊళ్లో నడుములు వంగిపోయిన ముసలివాళ్లు, మెడ తిప్పలేని నడివయసు వాళ్లు ఎందుకుండేవారో అప్పుడు అర్థమైంది. ఇంకా తర్వాత, కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో, అదే ఫ్లోరైడును అల్యూమినియంతో కలిపి కార్ఖానాల్లో నా నల్లపొడిలాగే వాడతారని, కొన్నిచోట్ల ఇలాంటి పొడులకు అడుగున పరుపులాగా కూడా పరుస్తారని ఒక పత్రికలో కనిపించింది. మా అమ్మ ఎముకల్లో చేరి ఆమెను ఒంగదీసిన వస్తువు ఇంకెక్కడో బుద్ధిగా కొలువు చేస్తోందంటే సంతోషించాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. వస్తువుకు మంచీ చెడూ ఉండవని పిల్లలకు వందసార్లు చెప్పి ఉంటాను. ఆ రోజు ఆ మాట నాకు నేను చెప్పుకోలేకపోయాను.

ఠాణా వరండాలో నన్ను కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. మంచినీళ్లిచ్చారు. అయినా భయమైంది. కమ్యూనిస్టుల సాయుధ పోరాటం ఇంకా నడుస్తున్న ఆ రోజుల్లో సూర్యాపేట మనిషి అంటేనే పోలీసులకు అనుమానం. పట్టుకుపోయినవాళ్లు కొందరు ఎక్కడున్నారో ఇంటివాళ్లకు నెలల తరబడి తెలిసేది కాదు. సంచిలోని తెలుగు పుస్తకం తీసి చదువుదామనుకున్నాను. అక్షరాలు కనబడ్డాయి గాని మాటలు కాలేదు.

పొద్దు వాలే వేళకు సూర్యాపేట బస్సు వచ్చింది. అందులోంచి హెడ్మాస్టరు గారు దిగారు. అదే షేర్వానీ, నెత్తిన టోపీ. పోలీసు చర్య తర్వాత ఆయనలాంటి వాళ్లు ఊరు దాటి ప్రయాణం చేయడమే తగ్గించేశారు. ఎవరు ఏ కోపం ఎవరి మీద తీర్చుకుంటారో తెలియని కాలం. బజారులో కొందరు షేర్వానీలు మానేసి ధోవతులు కట్టడం మొదలుపెట్టారు కూడా. ఆయన మానలేదు. బస్సుస్టాండు నుంచి ఠాణా దాకా అందరూ చూస్తుండగా మామూలుగా నడిచి వచ్చారు. నా వైపు చూసి తల ఊపి లోపలికి వెళ్లారు.

ఇన్‌స్పెక్టరుకు ఉర్దూ రాదు. హెడ్మాస్టరు గారికి ఇంగ్లీషు బాగానే వచ్చు గాని, ఎందుకో తెలుగులోనే మొదలుపెట్టారు. వరండాలోకి ప్రతి మాటా వినబడింది.

“నాకు తెల్గు తక్కువ వస్తది. మాఫ్ చేయండి” అన్నారు. “ఈ పిల్లగాడు నా షాగిర్దు. అంటే, నేను చదువు చెప్పిన పిల్లగాడు. బెజవాడ పొమ్మని నేను చెప్పిన. తప్పు ఉంటే నాది ఉంటది.”

ఇన్‌స్పెక్టరు ఏదో మెల్లగా అన్నాడు. విచారణ పూర్తయ్యేదాకా పంపలేననో ఏమో.

“అట్ల అయితే నన్ను కూసోబెట్టండి. అతన్ని పంపండి. హెడ్మాస్టర్ లేకున్నా బడి నడుస్తది. సైన్స్ చెప్పెటోడు లేకుంటే ఎట్ల నడుస్తది?”

తర్వాత ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, జవానుతో కుంపటి తెప్పించాడు. టీ కాచే కుంపటి అది. నల్లపొడి చిటికెడు తీసి నిప్పుల మీద చల్లి రెండడుగులు వెనక్కి వేశాడు. ఏమీ కాలేదు. నిప్పుల మీద నల్లటి దుమ్ము పడి ఉంది, అంతే. ఇంకో చిటికెడు చల్లాడు. అప్పుడు హెడ్మాస్టరు గారిని కుర్చీలో కూర్చోమని, నాకు కూడా టీ ఇమ్మని చెప్పాడు.

పొట్లాలు మాత్రం రెండూ ఉంచుకున్నాడు. తెల్లది ఇచ్చే ప్రశ్నే లేదన్నాడు. నల్లది తనకు తెలియనిది కాబట్టి ఇవ్వనన్నాడు. చివరి బస్సులో సూర్యాపేటకు తిరిగి వచ్చాం. దారి పొడుగునా హెడ్మాస్టరు గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తన తెలుగులో తప్పులెన్ని దొర్లాయని మాత్రం ఒకసారి అడిగారు. లేవన్నాను. అబద్ధం చెప్పొద్దన్నారు.

ఊరు చేరాక చాలా రోజులు సైన్సు తరగతి బొమ్మలతోనే నడిచింది. కుప్పె బొమ్మ, గొట్టం బొమ్మ, నీళ్లలో బోర్లించిన సీసా బొమ్మ. పిల్లలు ఓపిగ్గా గీసుకునేవారు. వెనక బెంచీలో హెడ్మాస్టరు గారూ గీసుకునేవారు.

ఆ మధ్య నా మడమకు ముల్లు దిగి చీము పట్టింది. సర్కారు దవాఖానకు పోయాను. అక్కడి కంపౌండరు మాటకారి. పుండ్లు కడగడానికి హైడ్రోజన్ పెరాక్సైడు వాడేవాడు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, కిటికీలో బోర్లించి ఉన్న మట్టిముంత తీసి, సీసాలోంచి మందును అందులో కొంచెం ఒంపాడు. ముంతలో మందు బుసబుసమని పొంగి అంచులు దాటి కారింది. కంపౌండరు విసుక్కున్నాడు.

“సూడు సారూ, ఈ ముంతల పోస్తె సాలు, గిట్లనే పొంగుతది. మందంత ఆగమైతంది. గాజు గిన్నె పలిగిపోయిందని దీంట్ల పోస్తున్న.”

ముంత నాకివ్వమని చేయి చాపాను. లోపల అడుగునుంచి సగం దాకా ముదురు గోధుమరంగు మరక. ముంతలో ఇంతకుముందు ఏం పోసేవాళ్లని అడిగాను. ఎర్రమందు అన్నాడు. కలరా వచ్చినప్పుడు బావుల్లో కలిపే పొటాషియం పర్మాంగనేటు. నీళ్లలో వేస్తే వంకాయరంగు తిరిగే మందు. దాన్ని అందులోనే కలిపి, పుక్కిలించడానికి, గాయాలు తుడవడానికి ఏళ్ల తరబడి వాడారట.

నా మడమ సంగతి మరిచిపోయాను. పర్మాంగనేటు నిలవుంటే చివరికి మిగిలే గోధుమరంగు మడ్డి, కోదాడ ఠాణాలో ఉండిపోయిన నా నల్లపొడి ఒకటే వస్తువు. మాంగనీసు డయాక్సైడు. పెరాక్సైడులో కావలసినంత ఆక్సిజన్ ఉంది. దాన్ని విడదీయడానికి దీపం కూడా అక్కర్లేదు. ఈ మరక చాలు. బెజవాడ దాకా పోయి వెతికింది ఊళ్లో దవాఖాన కిటికీలో బోర్లించి ఉంది.

ముంత ఇవ్వడానికి కంపౌండరుకు అభ్యంతరం లేకపోయింది. మందు దగ్గర మాత్రం గట్టిగా నిలబడ్డాడు.

“పుండ్లకు పోసే మందు సారూ ఇది. పల్లెలకెళ్లి బండ్ల మీద ఏసుకొస్తున్నరు గాయాలోళ్లను. బడి పిల్లలకు సూపియ్యనీకి ఎట్లియ్యాలె?”

నిజంగానే పక్క గదిలో ఒకడు మూలుగుతున్నాడు. ఎవరి తూటా తగిలిందో అడిగే రోజులు కావు. ఆ రోజు ముంత ఒక్కటే పట్టుకొని కుంటుతూ ఇంటికి వచ్చాను. పాఠానికీ పుండుకీ మధ్య ఏది ముందని ఎవరడిగినా పుండే ముందంటాను. కాని బడికొచ్చే పిల్లల ముఖాలు గుర్తొస్తే ఆ జవాబు సగమే అనిపించేది. మూడు వారాలకో, నెలకో కొత్త మందుల పెట్టె హైదరాబాదు నుంచి వచ్చింది. కంపౌండరే డాక్టరుగారిని అడిగి, పాత సీసాలో మిగిలింది తెచ్చి బడిలో ఇచ్చిపోయాడు. దాంతోపాటు ఒక రబ్బరు గొట్టం కూడా తెచ్చాడు. అది దవాఖానలో దేనికి వాడతారో పిల్లలకు చెప్పొద్దన్నాడు.

ఈలోగా నేను ముంతను పగలగొట్టాను. పెంకులు కుప్పె మూతిలో పట్టేలా చిన్నవిగా చేసి, నీళ్లలో కడిగాను. మొదట కడిగినప్పుడు మరక కొంత దుమ్ములా రాలింది. అలా రాలిపోతే చివరికి ఏమీ మిగలదని భయమేసి, ఇంట్లో పొయ్యి పక్కన వేడిబూడిదలో పెట్టి బాగా ఎండనిచ్చాను. తర్వాత ఎంత కడిగినా రాలలేదు. మట్టిలోని సన్నటి రంధ్రాల్లోకి దిగిన మరక అక్కడే పట్టుకొని ఉండిపోయింది.

పాఠం చెప్పిన రోజు బాగా గుర్తుంది. బల్ల చుట్టూ పిల్లల్ని నిలబెట్టాను. ముందు ఒక పెంకును గాజుసీసాలో వేసి పైన పెరాక్సైడు పోశాను. బుడగలు వచ్చాయి. దగ్గరికి వచ్చి ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడమన్నాను. పెంకుకు గోధుమరంగు ఉన్న ముఖం నుంచే బుడగలు లేస్తున్నాయి. విరిగినచోట, ఎర్రటి మట్టి కనబడే అంచు నుంచి ఒక్కటి కూడా రావడం లేదు.

“అయితె మట్టికి పనేం లేదా సార్?” అని ముందు నిలబడ్డవాడు అడిగాడు.

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. మట్టి లేకపోతే మరక నీళ్లలో కొట్టుకుపోయేదని, మరకను పట్టుకొని నిలబెట్టడమే మట్టి పని అని చెప్పాను. చెప్తుండగానే నాకు నేను కొత్తగా నేర్చుకుంటున్నట్టు అనిపించింది. హైదరాబాదులో నాకు నల్లపొడి గురించి చెప్పారు గాని, దానికి కూర్చునే చోటు ఒకటి కావాలని ఎవరూ చెప్పలేదు. పని చేసేదానికి ఎంత విలువుందో, అది జారిపోకుండా ఆపేదానికీ అంతే ఉంది. ఆ విద్యను పెద్ద పెద్ద కార్ఖానాలు ఆనాటికే వాడుతున్నాయని తర్వాతెప్పుడో తెలిసింది. ప్లాటినాన్ని, నికెలును రకరకాల మట్టుల మీద, ఆక్సైడుల మీద పరిచి వాడతారట. మాకది కంపౌండరు ముంతలోంచి వచ్చింది.

తర్వాత పెంకులన్నీ కుప్పెలో వేసి, రబ్బరు గొట్టం తగిలించి, తాంబాళంలో నీళ్లు పోసి సీసా బోర్లించాం. గాలి సీసాలో చేరి నీళ్లను కిందికి తోసేసింది. చీపురుపుల్ల వెలిగించి, ఊది, కణిక మిగిల్చి సీసాలో దించాను. భగ్గుమంది. పిల్లలు అరవలేదు. ఇంకోసారి అన్నారు. సీసాలున్నంతవరకు చేశాను. పెంకులు తీసి కడిగి మళ్లీ వేశాను. మళ్లీ అంతే జోరుగా బుడగలు వచ్చాయి.

ఇక పేరు కావాలి. నేను కొన్న పాత పుస్తకంలో ‘ఉత్ప్రేరకము’ అని ఉంది. బోర్డు మీద రాశాను. ఎవరికీ నోరు తిరగలేదు, నాతో సహా. దాని అర్థం మీ మాటల్లో చెప్పండన్నాను. ఒక పిల్లవాడు పాలల్లో వేసే తోడు లాంటిదన్నాడు. బాగుంది అనబోయి ఆగాను. తోడు పాలల్లో కలిసిపోయి తనూ పెరుగైపోతుంది. దాన్ని తిరిగి ఏరి తీయలేం. ఈ పెంకును తీయగలం. దగ్గరికొచ్చావు గాని ఇంకా అందలేదని చెప్పాను. వాడు చిన్నబుచ్చుకోలేదు, ఆలోచిస్తూ కూర్చున్నాడు. అప్పుడు వెనక బెంచీ నుంచి హెడ్మాస్టరు గారు చేయెత్తారు, పిల్లలెత్తినట్టే.

“పని లేపేది” అన్నారు. “నిద్రల ఉన్న పనిని లేపుతది. లేపినంక అది మల్ల దాని జాగల అది కూసుంటది. కరెక్టా, సార్?”

ఆయన నన్ను సార్ అనడం అదే మొదటిసారి. కరెక్టేనన్నాను. పిల్లలు ఉత్ప్రేరకం కింద ‘పని లేపేది’ అని రాసుకున్నారు.

ఆ వేసవికి ఆయనకు ముందుగానే పింఛను ఇచ్చి పంపేశారు. ఆయనలా ఉర్దూలో చదివి, ఉర్దూలో కొలువు చేసిన చాలామందికి ఆ ఏడాది అదే జరిగింది. ఊళ్లో వీడ్కోలు సభ పెట్టే వాతావరణం లేదు. మేం కొద్దిమంది మాస్టర్లం బస్సు దాకా వెళ్లాం. సామాను బస్సు మీదికెక్కించేటప్పుడు కంపౌండరు కూడా వచ్చి చేయి వేశాడు. ఆయన హైదరాబాదు వెళ్లిపోయారు. నేను తర్వాత మిర్యాలగూడకు మారాను, అక్కడి నుంచి ఇంకో ఊరికి.

చాలా ఏళ్లకు ఒకసారి హైదరాబాదులో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చూపు మందగించింది గాని గొంతు గుర్తుపట్టారు. మాటల మధ్యలో కోదాడ సంగతి వచ్చింది. ఆ రోజు మీరు బస్సు దిగి నడిచొచ్చిన తీరు నేను మరవలేదని, మీకు భయం వేయలేదా అని అడిగాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టి, భార్య ఉన్న లోపలి గదివైపు ఒకసారి చూశారు.

“భయం ఎందుకు వెయ్యది? ఇంట్ల హుజూర్‌నగర్ బడి చూడనీకి పోతున్న అని చెప్పిన. కోదాడ అంటే ఆమె పోనియ్యదు” అన్నారు. “ఇప్పటికీ ఆమెకు తెల్వదు. నువ్వు చెప్పకు.”

లోపలి నుంచి ఆమె ఇంకో కప్పు చాయ్ కావాలా అని అడిగారు. కావాలన్నాను.